ఫార్మాట్ కొట్టించే ముందు ఆ హార్డ్ డిస్క్ మీ చేతిలో ఉండాలి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. 2015లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నెల రోజులుగా బాగా నెమ్మదించింది. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోయేది. మొన్న కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అని వస్తోంది, తర్వాత నీలం తెర, మళ్ళీ మొదటికే. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. రెండేళ్ళ కిందట పోయిన మా ఆవిడ ఫొటోలు, ఆమె పాడిన పాటల రికార్డింగులు, నేను అను ఫాంట్లలో టైప్ చేసుకున్న మా ఊరి చరిత్ర అన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు. షాపతను ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తే సరిపోతుంది, డీ డ్రైవ్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు అంటున్నాడు. బెంగళూరులో ఉన్న మేనల్లుడు రికవరీ సాఫ్ట్‌వేర్ పంపిస్తాను, వేసుకోండి మామయ్యా అంటున్నాడు. ఎవరి మాట వినాలి? దీన్ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

సమాధానం:

మాస్టారూ, ముందుగా ఆ కంప్యూటర్ ఆపేసి ప్లగ్ కూడా తీసేయండి. ఈ జవాబు చివరిదాకా చదివి, మేనల్లుడితో మాట్లాడాకే మళ్ళీ ఆన్ చేయండి. 'ఇంకొక్కసారి చూద్దాం, ఈసారి వస్తుందేమో' అని చెయ్యి స్విచ్ మీదికి పోతూనే ఉంటుంది. ఆ ఒక్కటీ వద్దు.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఫొటోలూ పాటలూ ఆ డిస్క్‌లో ఇంకా ఉండే అవకాశమే ఎక్కువ. విండోస్ లేవాలంటే దానికి కావలసిన కొన్ని ఫైళ్ళు సరిగ్గా చదవడానికి రావాలి. కరెంటు పోయిన క్షణంలో వాటిలో ఏదో ఒకటి సగం రాసి ఆగిపోయినా, అవి ఉన్నచోట డిస్క్ దెబ్బతిన్నా విండోస్ లేవదు. అంతమాత్రాన మిగతా ఫైళ్ళు పోయాయని కాదు. ఇళ్ళల్లో ఫొటోలు పూర్తిగా పోవడం చాలాసార్లు ఆ తర్వాత కంగారుగా చేయించిన రిపేరు వల్లే జరుగుతుంది.

అందుకని ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఫైళ్ళు కాపాడుకోవడం ఒక పని, కంప్యూటర్ బాగుచేయడం ఇంకో పని. మొదటిది పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోవద్దు. అప్పటివరకు ఆ డిస్క్ నుంచి చదవడమే తప్ప దాని మీద ఎవరూ ఏమీ రాయకూడదు. షాపతనైనా, మేనల్లుడైనా, విండోసైనా సరే.

విండోస్ పేరు ఎందుకు చెప్పానంటే, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ 'ఆటోమేటిక్ రిపేర్' మిమ్మల్ని అడక్కుండానే డిస్క్‌ను తనిఖీ చేసి, తనకు తప్పుగా కనిపించినవి సరిచేయబోతుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద అది మంచిదే. నెల రోజులుగా నెమ్మదించిన డిస్క్ మీద కాదు. ఫొటోల ఫోల్డర్ దగ్గరే బిగుసుకుపోయేదని రాశారు చూడండి, అది నాకు బాగా అనుమానంగా ఉంది. డిస్క్‌లో కొన్నిచోట్ల చదవడం కష్టమై, అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నప్పుడు చాలాసార్లు అలా అవుతుంది. అలాంటి చోట్లనే బ్యాడ్ సెక్టార్లు అంటారు. అలాంటి డిస్క్‌తో గంటల తరబడి రిపేరు చేయిస్తే ఉన్న ఓపిక కూడా అయిపోతుంది. ఎవరైనా 'చెక్‌డిస్క్ (డిస్క్‌ను తనిఖీ చేసి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) పెడదాం' అన్నా ఇదే కారణంతో ఇప్పుడు వద్దనండి.

షాపతను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మన దగ్గర అసెంబుల్ చేసే వాళ్ళు ఒకే డిస్క్‌ను సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు. సీ ముక్కను మాత్రమే ఫార్మాట్ చేస్తే డీలో ఉన్నవి పోవు. కానీ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలో ఉన్నవి అన్నీ సీలోనే ఉంటాయి. అమ్మగారి పాటలు ఫోన్ నుంచి ఎక్కించినప్పుడు ఎక్కడ పెట్టారో గుర్తుందా? చాలామంది డెస్క్‌టాప్ మీదే వదిలేస్తారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, దీన్ని షాపుల్లో ముందుగా చెప్పరు. 2015 నాటి మెషీన్లలో చాలావాటికి డిస్క్ ముక్కల పట్టికను ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో రాసి ఉంటారు. ఇప్పుడు విండోస్ వేసే పెన్‌డ్రైవ్‌ను కొత్త పద్ధతిలో, అంటే యూఈఎఫ్‌ఐలో బూట్ చేస్తే (కంప్యూటర్‌ను దాని నుంచి లేపితే), అది జీపీటీ అనే కొత్త రకం పట్టిక కావాలంటుంది. ఈ డిస్క్ మీద విండోస్ వేయడం కుదరదని తెర మీద చెబుతుంది. దాన్ని సవ్యంగా దాటే దారులున్నాయి. కానీ పని ఒత్తిడిలో ఉన్న కుర్రాడికి అన్నిటికంటే దగ్గరి దారి, కనిపిస్తున్న పార్టిషన్లన్నీ, అంటే ఆ ముక్కలన్నీ డిలీట్ చేసి మొత్తం ఒకే డిస్క్‌గా మొదలుపెట్టడం. ఆ క్షణంలో సీతో పాటు డీ, ఈ కూడా పోతాయి. అతనికి మీ మీద కోపమేమీ లేదు, ఆ డిస్క్‌లో ఏముందో తెలియదు, అంతే.

మేనల్లుడి సలహా విషయానికి వస్తే, రికవరీ సాఫ్ట్‌వేర్ అనేది డిలీట్ అయిన, ఫార్మాట్ అయిన ఫైళ్ళను వెతకడానికి. మీవి డిలీట్ కాలేదు. పైగా ఏ డిస్క్ నుంచి ఫైళ్ళు తీయాలో దాని మీదే సాఫ్ట్‌వేర్ వేయడమంటే, తీయాల్సిన ఫైళ్ళ మీద కొత్త రాత రాయడమే కావచ్చు. దాని అవసరం రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఏం చేయాలో కింద చెప్తాను. కానీ మేనల్లుడి సాయం మాత్రం మీకు చాలా అవసరం. సాఫ్ట్‌వేర్ పంపించడం కాదు, రెండు రోజులు సెలవు పెట్టుకుని మనిషే రావాలి. ఈ కింద రాసేదంతా అతనికి చూపించండి.

వచ్చేటప్పుడు రెండు వస్తువులు తేవాలి. ఒకటి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించిన లినక్స్ మింట్. విండోస్ లాంటిదే ఇది ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితం. బెంగళూరులోనే తన ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేసి రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఎక్కించుకోవచ్చు. రెండోది, 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. మీ డిస్క్ 1 టీబీయే కదా, ఇంకో 1 టీబీ చాలదా అంటే, చాలదు. అవసరమైతే మీ డిస్క్ మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా కాపీ తీయాలి, అది ఇంకో 1 టీబీ డిస్క్‌లో పట్టదు. ఇంట్లో ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ ఉంటే మెషీన్‌ను దానికి కలపండి. లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. కాపీ మధ్యలో ఇంకోసారి కరెంటు పోవడం మనకు అక్కర్లేదు.

ఆన్ చేయగానే కీబోర్డ్ మీద డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ తెర, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర వస్తుంది. విండోస్ దాకా పోదు కాబట్టి ఇది చూడడం వల్ల నష్టం లేదు. అక్కడ ముందు తేదీ చూడండి. ఏళ్ళ వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డ్ మీద ఉండే రూపాయి బిళ్ళంత సెల్ అయిపోయినట్టు. దాని నంబరు సీఆర్2032, 3 వోల్టులు, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ తీసి ఉంచే ఇళ్ళల్లో అది త్వరగా అయిపోతుంది. సెల్ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. వాటిలో సాటా మోడ్ అని ఒకటుంటుంది, బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి అది. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐలో ఉన్నది ఐడీఈకి మారినా, అటుది ఇటు అయినా సరిగ్గా మీకు వచ్చినట్టే నీలం తెర, మళ్ళీ మొదటికి రావడం జరుగుతుంది. అదే కారణమైతే సెల్ మార్చి, సెట్టింగ్ సరిచేస్తే కంప్యూటర్ మామూలుగా లేస్తుంది. అలా లేచినా సరే, ముందు కాపీ తీయండి, ఆ తర్వాతే మిగతా పని. నెల రోజుల నెమ్మదితనానికి సెల్ కారణం కాదు.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరవాలి. బోర్డును బట్టి మీట మారుతుంది. గిగాబైట్‌కి ఎఫ్12, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డుకి ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి లినక్స్ తెర వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ నుంచి, ర్యామ్‌లో నడుస్తుంది, మీ డిస్క్‌ను ముట్టుకోదు. తెర మీద 'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' అనే బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాని జోలికి మాత్రం పోవద్దు. ఈ తెర చక్కగా వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, బోర్డు, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) చాలావరకు బాగున్నాయని, తేడా డిస్క్‌లోనో విండోస్‌లోనో ఉందని ఒక ధైర్యం.

అప్పుడు మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి, మీ 1 టీబీ డిస్క్ ఎంచుకుని, దాని స్మార్ట్ వివరాలు చూడాలి. స్మార్ట్ అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క. పైన 'డిస్క్ ఈజ్ ఓకే' అని ఉన్నా నమ్మకండి, డిస్క్ బాగా పాడయ్యేదాకా ఆ మాట మారకపోవచ్చు. కింద పట్టికలో రెండు వరుసలు వెతకండి. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్, 197వ నంబరు కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్. మొదటిది, ఇప్పటికే పాడై పక్కన పెట్టేసిన చోట్లు. రెండోది, చదవలేక సందేహంలో పెట్టినవి. మనకు రెండోదే ముఖ్యం. రెండూ సున్నా అయితే ఊపిరి పీల్చుకోండి, తప్పు విండోస్‌లోనే ఉండొచ్చు, మామూలుగా కాపీ చేసుకోవచ్చు. 197లో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా డిస్క్ రోజులు దగ్గరపడ్డాయనే అనుకుని పనిచేయండి. అక్కడే సెల్ఫ్ టెస్ట్ అనే మీట ఉంటుంది, అది నొక్కొద్దు, డిస్క్‌ను అనవసరంగా శ్రమ పెట్టడమే.

మామూలు కాపీ అయితే పద్ధతి తేలిక. ఫైల్ మేనేజర్‌లో మీ డ్రైవ్‌లు సీ, డీ అని కాక, సైజుతో గానీ పెట్టిన పేరుతో గానీ కనిపిస్తాయి. తెరిచి, కావలసిన ఫోల్డర్లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయడమే. కట్ చేయకూడదు, కాపీయే. సీపీయూ డబ్బా వెనకవైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను దానికే పెట్టండి, వేగంలో చాలా తేడా వస్తుంది. ఒక్కోసారి డ్రైవ్ తెరుచుకోకుండా విండోస్ సరిగ్గా మూయలేదనో, హైబర్నేట్‌లో ఉందనో ఎర్రర్ వస్తుంది. నెట్‌లో వెతికితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ కొట్టమంటారు. అది డిస్క్ మీద రాస్తుంది. దాని బదులు రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేయమని మేనల్లుడికి చెప్పండి, అతనికి అర్థమవుతుంది.

ఏది ముందు కాపీ చేయాలన్నది మీరే నిర్ణయించి, అతను రాకముందే కాగితం మీద రాసి పెట్టండి. నా మటుకు నేనైతే అమ్మగారి పాటలు మొదట, ఆమె ఫొటోలు తర్వాత, ఊరి చరిత్ర ఆ తర్వాత రాస్తాను. ఇంకెక్కడా దొరకనివి ముందు. సినిమాలు, మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోగల పీడీఎఫ్‌లు చివర, వీలైతేనే. పాటలు ఎక్కడ పెట్టారో గుర్తులేకపోతే ఎంపీ3, ఎం4ఏ, ఏఎంఆర్ అనే తోకలతో వెతికించండి. పాత ఫోన్లలో వాయిస్ రికార్డింగులు చాలావరకు ఏఎంఆర్‌లో ఉండేవి. విండోస్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ యూజర్స్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది, డెస్క్‌టాప్, పిక్చర్స్ అన్నీ దాని కింద ఉంటాయి.

కాపీ ఒక ఫైలు దగ్గరకు వచ్చి ఆగిపోయి, నిమిషాలు గడిచినా కదలకపోతే దానితో కుస్తీ పట్టకండి. రద్దు చేయండి. అక్కడి నుంచి డీడీరెస్క్యూ అనే ఉచిత పరికరానికి మారాలి. మామూలు కాపీ చదవడానికి రాని చోట పట్టుపట్టి కూర్చుంటుంది. డీడీరెస్క్యూ అలా చేయదు. మొదటి విడతలో తేలిగ్గా వచ్చేదంతా తీసుకుంటూ, ఇబ్బంది పెట్టే చోటు రాగానే దాటేసి ముందుకు పోతుంది. ఎక్కడెక్కడ దాటేసిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. బాగున్నదంతా చేతికొచ్చాక అప్పుడు వెనక్కి వెళ్ళి ఆ కష్టమైన చోట్లను మెల్లగా ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆపినా మ్యాప్ చూసి ఆగిన దగ్గర్నుంచే మొదలుపెడుతుంది. అయితే ఆ మ్యాప్ ఫైలును ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే పెట్టాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న లినక్స్ తెర మీద వదిలేస్తే మెషీన్ ఆపగానే అది పోతుంది. మింట్‌లో, ఉబుంటులో దీన్ని జీడీడీరెస్క్యూ అనే పేరుతో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, నెట్ కావాలి, ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

ఇందులో ఒకే ఒక్క పెద్ద ప్రమాదం ఉంది. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అనేది తారుమారైతే ఉన్నది కూడా పోతుంది. ఎంటర్ నొక్కే ముందు డిస్క్ మోడల్ పేరు, సైజు పైకి చదివి, మీరిద్దరూ సరిచూసుకోండి. 1 టీబీ నుంచి, 2 టీబీలోకి. సెకనుకు 100 ఎంబీ వేగంతో సాగితే 1 టీబీ మొత్తం మూడు గంటల్లోపే అయిపోతుంది. పాడైన చోట్లు ఎక్కువుంటే ఒక పగలూ రాత్రీ కూడా పట్టొచ్చు. అంత సేపు నడిచేటప్పుడు డబ్బా పక్క రేకు తీసేసి ఒక టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పండి, డిస్క్ వేడెక్కకుండా ఉంటుంది. పూర్తయ్యాక వెతకడం, తెరవడం, రికవరీ సాఫ్ట్‌వేర్ ప్రయోగాలు అన్నీ ఆ కాపీ మీదే. మేనల్లుడు చెప్పిన సాఫ్ట్‌వేర్‌కి వేళ అప్పుడే. ఆ కాపీలో ఫోల్డర్లు కనిపించకపోతే టెస్ట్‌డిస్క్, దానితోపాటు వచ్చే ఫొటోరెక్ రెండూ ఉచితం, రెండూ నమ్మదగ్గవి. నెట్‌లో దొరికే క్రాక్ చేసిన రికవరీ ప్రోగ్రాములు మాత్రం వద్దు, వాటితో వైరస్‌లు రావడం మామూలే.

ఫొటోరెక్ గురించి ముందే చెప్పడం మంచిది. లైబ్రరీలో కేటలాగ్ కార్డులు పోతే పుస్తకాలు అరల్లోనే ఉంటాయి కదా, ఏది ఎక్కడుందో మాత్రం తెలియదు. ఫొటోరెక్ ప్రతి అరా తడిమి, ఇది ఫొటో, ఇది పాట అని గుర్తుపట్టి బయటికి తీస్తుంది. పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. వేల ఫైళ్ళు అంకెల పేర్లతో వచ్చి పడతాయి. అది చూసి దిగులు పడొద్దు. ఫొటో లోపల తీసిన తేదీ దాగి ఉంటుంది, దాన్ని బట్టి ఏడాదివారీగా సర్దే ప్రోగ్రాములు ఉన్నాయి.

మీ ఊరి చరిత్ర సంగతి వేరుగా చెప్పాలి, ఇది సాధారణంగా రిపేరు చేసేవాళ్ళకు తట్టదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు చుక్కలు, కొమ్ములతో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు కరప్ట్ అయిపోయిందని పక్కన పడేసేవాళ్ళున్నారు. అది చెడిపోలేదు, ఫాంట్ లేదు, అంతే. మీ ఫైళ్ళు డీలోనే భద్రంగా ఉన్నా, ఆ ఫాంట్లు ఉండేది సీ డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో. షాపతను ఫార్మాట్ కొడతానంటున్నది సరిగ్గా దాన్నే. కాబట్టి ఆ ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయించండి. అను ఇన్‌స్టాల్ చేసిన సీడీ గానీ సెటప్ గానీ ఇంట్లో ఉంటే వెతికి పెట్టండి. మీరు వర్డ్‌లో కాక పేజ్‌మేకర్‌లో టైప్ చేసి ఉంటే ఆ ప్రోగ్రామ్ సెటప్ కూడా కావాలి. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, తర్వాత ఆ ప్రోగ్రామ్‌ను పెంచలేదు. ఫైళ్ళు ఒకసారి సరిగ్గా తెరుచుకోగానే ప్రతిదాన్నీ పీడీఎఫ్ చేసి పెట్టండి. తీరిగ్గా అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, వత్తులూ సున్నాలూ మీరే సరిచూసుకోండి. మీకంటే బాగా ఆ పని చేసేవాళ్ళు దొరకరు. ఒక ఊరి చరిత్ర ఒకే ఫాంట్ మీద, ఒకే డిస్క్ మీద ఆధారపడి ఉండకూడదు.

ఇక, ఆన్ చేసినప్పుడు డిస్క్ నుంచి ఒకే లయలో టక్, టక్ అని చప్పుడు వినిపించినా, గీరుతున్నట్టు శబ్దం వచ్చినా, బయోస్‌లో డిస్క్ పేరే కనిపించకపోయినా పైన చెప్పినవేవీ చేయొద్దు. వెంటనే ఆపేయండి. లోపల ప్లేటు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే, దాన్ని చదివే హెడ్ నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. హెడ్ దెబ్బతిని ప్లేటుకు తగులుతుంటే తిరిగే ప్రతి క్షణం ఫొటోలను గీకేస్తున్నట్టే. మూత విప్పి చూడడం, ఫ్రిజ్‌లో పెట్టడం, చేత్తో తట్టడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. అప్పుడు డేటా రికవరీ ల్యాబ్ ఒక్కటే దారి. దుమ్ము లేని గదిలో విప్పి, అదే మోడల్ డిస్క్ నుంచి హెడ్ తెచ్చి మారుస్తారు. ఖర్చు వేలల్లో ఉంటుంది, తక్కువేమీ కాదు. ఇచ్చే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: చూసి చెప్పడానికి ఎంత తీసుకుంటారు, ఫైళ్ళు రాకపోతే ఎంత కట్టాలి, ఏ ఫైళ్ళు వచ్చాయో డబ్బు కట్టకముందే జాబితా చూపిస్తారా. మీరు రాసినదాంట్లో ఇలాంటి చప్పుడు లేదు కాబట్టి అంతదాకా రాకపోవచ్చు.

కాపీ అయిపోయాక ఫొటోల చిన్న బొమ్మలు కనిపించాయి కదా అని సంతృప్తి పడొద్దు. ప్రతి ఫోల్డర్‌లో కొన్ని ఫొటోలు పూర్తిగా తెరిచి చూడండి. సగం నుంచి బూడిద రంగు చారలుంటే అది సగమే వచ్చినట్టు. అమ్మగారి పాటలు మాత్రం ఒక్కోటీ చివరిదాకా వినండి. అన్నీ బాగున్నాయని మీకు నమ్మకం కుదిరాక ఇంకో కాపీ తీసి వేరే ఇంట్లో, మేనల్లుడి దగ్గరో బంధువుల దగ్గరో పెట్టండి. ఇంట్లో ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను పని అవగానే కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కే తగిలించి ఉంటే వోల్టేజ్ ఎక్కువొచ్చినా, పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ కలిసి పోతాయి.

ఇప్పుడు రిపేరు. ఇది తేలిక పనే. సీపీయూ డబ్బా పక్క రేకు విప్పితే పాత డిస్క్ కనిపిస్తుంది, దానికి రెండు తీగలుంటాయి. సన్నగా ఉండేది డేటాకి, వెడల్పుగా ఉండేది కరెంటుకి. ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ప్లగ్ తీసి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, రెండు తీగలూ తిన్నగా లాగి, రెండు పక్కలా ఉన్న స్క్రూలు విప్పితే డిస్క్ బయటికి వస్తుంది. దాన్ని మందపాటి కాగితం కవరులో పెట్టి తేదీ రాసి దాచండి. ఆ తర్వాతే డబ్బాను షాపుకి తీసుకెళ్ళండి. డిస్క్ లేని డబ్బాను అతను ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా మీకు పోయేదేమీ ఉండదు. మేనల్లుడు రావడం ఆలస్యమై, ఈలోపు షాపుకి ఇవ్వాల్సి వచ్చినా ఇదే చేయండి. స్మార్ట్ అంకెలు రెండూ సున్నాగా ఉన్నా సరే, పదేళ్ళు దాటిన డిస్క్ మీద మళ్ళీ విండోస్ వేయించొద్దు.

షాపులో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే ప్లేటు లేని, వేగమైన డిస్క్) వేయించండి. 2015 నాటి బోర్డుకి అది చక్కగా సరిపోతుంది. మీ వాడకానికి 256 జీబీ చాలు. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి. సీఆర్2032 సెల్ మార్పించండి, ఫ్యాన్లలో దుమ్ము ఊదించండి. మీ మెషీన్ ఇదివరకు ఎప్పుడూ లేనంత చురుగ్గా లేస్తుంది, దీనికోసం కొత్తది కొనాల్సిన పనిలేదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, 2015 మెషీన్‌లో ప్రాసెసర్ అంతకంటే పాతది. షాపులో ఏదో ఉపాయంతో 11 వేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, ముందుముందు అప్‌డేట్ల దగ్గర ఇబ్బంది పెడుతుంది. నా సలహా, అను కోసం విండోస్ 10నే ఉంచుకోండి. ఈ మెషీన్‌లో బ్యాంకు పనులు చేయకండి, వాటికి ఫోన్ ఉంది. నెట్ వాడకం ఎక్కువగా ఉంటే పక్కనే లినక్స్ మింట్ కూడా వేయించమనండి.

ల్యాప్‌టాప్ వాడే పాఠకులకు ఒక్క మాట. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ చాలాసార్లు దానంతటదే బిట్‌లాకర్‌తో (విండోస్‌లోనే ఉండే రహస్య తాళం) తాళం పడి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మెషీన్ బాగున్న ఈరోజే అకౌంట్‌లోకి వెళ్ళి చూసి, కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకుండా డిస్క్ ఎంత బాగున్నా లోపలున్నది ఎవరూ చదవలేరు.

మాస్టారూ, స్మార్ట్ పట్టికలో 5, 197 వరుసల ఎదురుగా ఉన్న అంకెలు, బయోస్‌లో కనిపించిన తేదీ, డిస్క్ మీది లేబుల్ ఫొటో నాకు పంపించండి. కాపీ మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడే ఆపి, తెర మీద ఏముందో ఫొటో తీసి రాయండి, తర్వాతి అడుగు ఏమిటో చెప్తాను.